లిమిటెడ్ ఎడిషన్ అంటే రంగు మార్చడం కాదు: నిజాం పసుపు రోల్స్ రాయిస్, ఫెరారీ బ్రెడ్‌వ్యాన్, మన జేబులో ఫోన్

ఒక ఫోన్‌కి వెనక గ్లాస్ రంగు మార్చి, బాక్స్‌లో ఒక కేసు, నాలుగు వాల్‌పేపర్లు ఎక్కువ పెట్టి "లిమిటెడ్ ఎడిషన్" అని అమ్ముతారు. మనం అలారం పెట్టుకుని మరీ ఫ్లాష్ సేల్‌లో కొంటాం. నాకు ఆ మాటతోనే పేచీ. లిమిటెడ్ సరే, ఎన్ని? వెయ్యా, లక్షా? చాలాసార్లు కంపెనీ చెప్పదు, మనం అడగం.

ఆ "ఎన్ని"కి జవాబు నిజంగా "ఒక్కటే" అయిన రోజులు ఉండేవి. కార్లలో. ఈ వారం రివ్యూ యూనిట్‌ని పక్కన పెట్టి అలాంటి రెండు కార్ల కథ చెప్తాను. ఒకటి హైదరాబాద్‌లో ఉంది, టికెట్ కొనుక్కుని వెళ్ళి చూడొచ్చు. రెండోది 1962లో ఇటలీలో పుట్టిన రేసు కారు. ఫోన్ల సైట్‌లో పాత కార్ల గోలేంటి అంటారా? చివరిదాకా చదవండి. విషయం మన స్క్రూడ్రైవర్ దగ్గరికే వస్తుంది.

ముందు ఛాసిస్ సంగతి

నేను ఉండేది కొయ్యూరులో. ఇక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా తుని వెళ్ళి హైవే ఎక్కితే ఎప్పుడో ఒకప్పుడు ఈ సీన్ కనపడుతుంది: క్యాబిన్ లేదు, డోర్లు లేవు, వెనక తొట్టి లేదు. ఇంజిన్, ఫ్రేమ్, చక్రాలు, ఒక సీటు, స్టీరింగ్. అంతే. దాని మీద డ్రైవర్ తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఎండలో తోలుకుంటూ పోతుంటాడు. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త లారీ ఛాసిస్. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి వెళ్ళి అక్కడ బాడీ కట్టించుకుంటుంది. ఇసుక తోలేవాడికి ఒక రకం, గడ్డి తోలేవాడికి ఒక రకం. ఓనర్ పిల్లల పేర్లు, ఇష్టదైవం బొమ్మ, వెనక ఒక డైలాగు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, కానీ రెండు లారీలు అచ్చంగా ఒకేలా ఉండవు.

ఒకప్పుడు ప్రపంచంలో ఖరీదైన కార్లన్నీ ఇలాగే తయారయ్యేవి. దానికే కోచ్‌బిల్డింగ్ అని పేరు. గుర్రబ్బండ్లు చేసే పాత కంపెనీలే కార్లు వచ్చాక కార్లకి బాడీలు కట్టడం మొదలుపెట్టాయి. కారు కంపెనీ ఛాసిస్ అమ్మేది. కొనుక్కున్నవాడు దాన్ని తనకి నచ్చిన కోచ్‌బిల్డర్‌కి పంపేవాడు. రోల్స్ రాయిస్ అంత పెద్ద కంపెనీ కూడా రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా తన పేరుతో పూర్తి కారు కట్టి అమ్మలేదు. ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్రేమ్ ఇచ్చి చేతులు దులుపుకునేది. మన భాషలో చెప్పాలంటే మదర్‌బోర్డ్, ప్రాసెసర్, బ్యాటరీ కంపెనీవి. మిగతా ఫోనంతా మీరు, మీ ఊరి పనివాడు కూర్చుని తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లో పసుపు సింహాసనం

1911లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఆర్డర్ చేశాడు. స్పెక్స్ చూద్దాం, ఇది మన సైట్ కదా: 40/50 హార్స్‌పవర్ క్లాసు, వరసగా 6 సిలిండర్లు, 7,428 సీసీ. మీ బైకు 150 సీసీ అనుకుంటే దానికి దాదాపు 50 రెట్లు. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అసలు "సిల్వర్ ఘోస్ట్" అన్న పేరు మొదట వచ్చిన 1907 నాటి వెండి రంగు కారుకి బాడీ కట్టింది కూడా వీళ్ళే.

నిజాం కారుకి వాళ్ళు వెనక సీటు పెట్టలేదు. సింహాసనం పెట్టారు. మిగతావాళ్ళ కంటే ఎత్తులో రాజు ఒక్కడే కూర్చునేలా కట్టారు. ఊరేగింపులో జనానికి రాజు కనపడాలి, రాజుకి జనం కనపడాలి, అదీ డిజైన్ బ్రీఫ్. రంగు పసుపు, ఆసఫ్ జాహీ జెండా రంగు. అందుకే దాన్ని త్రోన్ కార్ అంటారు.

కారు ఎక్కే యోగం మాత్రం ఆర్డర్ చేసినాయనకి లేదు. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో చనిపోయాడు. కారు ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి వచ్చింది. 1937లో టైమ్ పత్రిక కవర్ మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా వేసింది ఈయన్నే. పెద్ద పెద్ద సందర్భాలకి తప్ప బయటికి తీయలేదు కాబట్టి వందేళ్ళకి పైబడిన ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్ళే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. చార్మినార్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు.

సరే, ఇది స్పోర్ట్స్ కారు కాదు, ఊరేగింపు రథం అంటారు. నిజమే. కానీ అసలు మజా ఇక్కడే ఉంది. అదే ఏడాది, అదే రకం ఛాసిస్‌ని ఇంగ్లండ్‌లో ఇంకొకళ్ళు ఏం చేశారో చూడండి. నేపియర్ అనే పోటీ కంపెనీని ఓడించాలని రోల్స్ రాయిస్ ఒక సిల్వర్ ఘోస్ట్‌ని లండన్ నుంచి ఎడిన్‌బరోకి, మళ్ళీ వెనక్కి మొత్తం టాప్ గేర్‌లోనే నడిపింది. మైలేజ్ మన లెక్కలో లీటరుకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు వచ్చింది. తర్వాత అదే రకం ఛాసిస్ మీద సన్నటి, తేలికైన బాడీ ఒకటి వేసి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద వదిలితే గంటకి 101.8 మైళ్ళు, అంటే దాదాపు 164 కిలోమీటర్లు అందుకుంది. 1911లో! మూడేళ్ళు తిరక్కుండా యుద్ధం వచ్చింది. ఆ ఛాసిస్‌లకే ఉక్కు రేకులు, మెషిన్ గన్ టరెట్ బిగించి ఆర్మర్డ్ కార్లు చేశారు. లారెన్స్ ఆఫ్ అరేబియా ఎడారిలో వాడిన కార్లు ఇవే.

ఒకటే ప్లాట్‌ఫామ్. ఒకచోట సింహాసనం, ఒకచోట రేసు కారు, ఒకచోట యుద్ధవాహనం. కంపెనీ ఫ్రేమ్ దగ్గర ఆగిపోయింది కాబట్టే ఇది కుదిరింది. బార్కర్ పనివాడికి ఎక్కడ బోల్టు వేయాలో తెలుసు, కొలతలు తెలుసు. "ఇది మా కారు, ముట్టుకుంటే వారంటీ పోతుంది" అని ఎవరూ అనలేదు.

అమ్మను పో అంటే కట్టుకున్న కారు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కంపెనీ ఒప్పుకుంది కాబట్టి సరే. ఒప్పుకోకపోతే?

1961 చివర్లో ఫెరారీలో పెద్ద గొడవ అయింది. ముఖ్యమైన ఇంజినీర్లు, మేనేజర్లు ఒక్కసారిగా బయటికొచ్చేశారు. వాళ్ళలో జొట్టో బిజ్జరీని ఒకడు. ఆ రోజుల్లో ఫెరారీ గుట్టుగా తయారు చేస్తున్న 250 జీటీఓ రేసు కారు పని ముందుండి నడిపింది ఆయనే. బయటికొచ్చినవాళ్ళ కొత్త కంపెనీకి డబ్బు పెట్టినవాళ్ళలో వెనిస్‌కి చెందిన కుర్ర కౌంట్ జొవాన్నీ వోల్పి ఉన్నాడు. ఈయనకి సొంత రేసింగ్ టీమ్ ఉంది, పేరు స్కుడెరియా సెరెనిస్సిమా. ఎంజో ఫెరారీకి మండింది. కొత్త జీటీఓలు వోల్పికి అమ్మేది లేదని తేల్చేశాడు. డబ్బు ఉంది, కారు లేదు.

అప్పుడు వోల్పి టీమ్ చేసిన పని ఏ మాడర్ విన్నా లేచి చప్పట్లు కొడతాడు. వాళ్ళ దగ్గర 1961 నాటి 250 జీటీ షార్ట్ వీల్‌బేస్ ఒకటి ఉంది, ఛాసిస్ నంబర్ 2819. అంతకుముందు ఏడాది టూర్ డి ఫ్రాన్స్ కార్ల రేసులో రెండో స్థానం తెచ్చిన బండి. బిజ్జరీని దాన్ని విప్పేశాడు. 3 లీటర్ల వీ12 ఇంజిన్‌ని ఉన్నచోటు నుంచి వెనక్కి జరిపాడు, కిందికి దించాడు. డ్రై సంప్ పెట్టాడు, అంటే ఇంజిన్ కింద నూనె తొట్టి లేకుండా విడిగా ట్యాంకు. దాని వల్లే ఇంజిన్ అంత కిందికి దిగింది. ఆరు వెబర్ కార్బురేటర్లు బిగించాడు. బరువు మధ్యకి, కిందికి వస్తే కారు మలుపుల్లో నిలబడుతుంది. మా ఘాట్ రోడ్డులో టాప్ మీద బస్తాలు వేసిన జీపు ఎక్కినవాడికి ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు.

బాడీ మోడెనాలో పియెరో డ్రోగో షెడ్డులో అల్యూమినియం రేకుతో కట్టారు. ముక్కు బాగా కిందికి ఉంటుంది. పైకప్పు మాత్రం వెనక్కి వాలిపోకుండా దాదాపు చదునుగా చివరిదాకా వెళ్ళి, అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. జర్మన్ ఇంజినీర్ వునిబాల్డ్ కామ్ చెప్పిన సూత్రం అది. తోకని పొడుగ్గా సాగదీయడం కంటే సరైన చోట నిలువునా కోసేస్తే గాలి తక్కువ లాగుతుంది. ఇప్పటి హైబ్రిడ్ కార్ల వెనక భాగం చూడండి, అదే లాజిక్.

కారు పక్క నుంచి చూస్తే రొట్టెలు వేసుకెళ్ళే వ్యాన్‌లా ఉంది. ఇంగ్లీషు వాళ్ళు బ్రెడ్‌వ్యాన్ అన్నారు, ఫ్రెంచి వాళ్ళు చిన్న ట్రక్కు అన్నారు. ఎగతాళిగా పెట్టిన పేరే మిగిలిపోయింది.

1962 జూన్, లె మాన్స్ 24 గంటల రేసు. కొత్త జీటీఓకి 5 గేర్లు, బ్రెడ్‌వ్యాన్‌కి పాత 4 గేర్ల బాక్సే. అయినా కార్లో అబాటే, కోలిన్ డేవిస్ నడుపుతుంటే జీటీఓలని దాటుకుని మొత్తం మీద ఏడో స్థానంలోకి వచ్చింది. నాలుగో గంటలో డ్రైవ్‌షాఫ్ట్ విరిగింది. ఆట ముగిసింది. లె మాన్స్ గెలవలేదు, కానీ ఫ్యాక్టరీ ఇవ్వనన్నదాన్ని షెడ్డులో కట్టుకోవచ్చని చూపించింది. ఆ ఏడాదే వేరే రేసుల్లో బాగా చేసింది కూడా. అరవై ఏళ్ళు దాటినా ఆ ఒక్క కారు పాత కార్ల రేసుల్లో ఇంకా పరిగెడుతోంది. మ్యూజియంలో దుమ్ము పట్టలేదు.

ఎందుకు పరిగెడుతోంది? విరిగిన ప్రతిదాన్నీ ఎవరో ఒకరు మళ్ళీ చేయగలరు కాబట్టి. రేకు వంగితే సుత్తితో సరిచేస్తారు. షాఫ్ట్ విరిగితే లేతు మీద కొత్తది తీస్తారు. "ఒకే ఒక్కటి" అన్న మాటకి నా లెక్కలో అర్థం ఇదే. అరుదుగా ఉండటం ఒక్కటే చాలదు. ఆ వస్తువు మీద మనిషి చెయ్యి మళ్ళీ మళ్ళీ పడగలగాలి.

ఇక ఫోన్ల దగ్గరికి వద్దాం

2018 డిసెంబర్‌లో వన్‌ప్లస్ 6టీ మెక్‌లారెన్ ఎడిషన్ వచ్చింది. న్యాయంగా మాట్లాడాలంటే అది రంగుతో సరిపెట్టిన ఫోన్ కాదు. 10 జీబీ ర్యామ్, 30 వాట్ల చార్జింగ్ మామూలు 6టీకి లేవు. ధర 50,999 రూపాయలు. నాకూ నచ్చింది. కానీ అందులో మీరు తేల్చింది ఏముంది? నారింజ అంచు ఎంత ఉండాలో వాళ్ళే తేల్చారు. కారు ప్రపంచంలో ఛాసిస్ కొన్నవాడు డిజైన్ టేబుల్ దగ్గర కూర్చునేవాడు. ఫోన్ ప్రపంచంలో మనం క్యూలో నిలబడతాం.

ఛాసిస్ లాంటి ఫోన్ చేద్దామని ప్రయత్నాలు జరక్కపోలేదు. గూగుల్ ప్రాజెక్ట్ ఆరా గుర్తుందా? ఫ్రేమ్ ఒకటి, కెమెరా, బ్యాటరీ, స్పీకర్ బ్లాకులు మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు అన్నారు. 2016లో మూసేశారు. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ మాత్రం ఇంట్లో ఒక్క స్క్రూడ్రైవర్‌తో విప్పి పార్టులు మార్చుకునే ఫోన్లు ఇప్పటికీ చేస్తోంది. మిగతా కంపెనీలు చాలావరకు అటు దారి రివర్స్‌లో పోతున్నాయి. జిగురు పెట్టి అతికించడం ఒకటి. ఇంకా మోసం ఏంటంటే పార్ట్స్ పెయిరింగ్. ప్రతి పార్టుకి ఒక సీరియల్ నంబర్ ఇచ్చి బోర్డుతో సాఫ్ట్‌వేర్‌లో ముడి వేస్తారు. వేరే ఫోన్‌లోంచి తీసిన ఒరిజినల్ డిస్‌ప్లే వేసినా ఫోన్ ఒప్పుకోదు, కొన్ని ఫీచర్లు ఆపేస్తుంది.

ఇది మా దగ్గర ఎలా ఉంటుందో చెప్తాను. మా వైపు ఫోన్ పాడైతే నర్సీపట్నం వెళ్ళాలి. పెద్ద కంపెనీల అఫీషియల్ సర్వీస్ సెంటర్ అంటే విశాఖ దాకా. ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, మళ్ళీ "పార్టు రాలేదు, వారం తర్వాత రండి". పోయిన వానాకాలం మా పక్కింటి కుర్రాడి ఫోన్ డిస్‌ప్లే పోతే ఇద్దరం నర్సీపట్నంలో రిపేర్ షాపుకి వెళ్ళాం. వాడు అందులోనే ఐటీఐ క్లాసు వీడియోలు చూసుకుంటాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. షాపాయన పాత ఫోన్ ఒకటి విప్పి దాని డిస్‌ప్లే తీసి వేశాడు. చక్కగా వెలిగింది. కానీ "గుర్తు తెలియని పార్టు" అని మెసేజ్ వస్తూనే ఉంది, ఫింగర్‌ప్రింట్ పనిచేయడం మానేసింది.

"నా పని తప్పు కాదు తమ్ముడూ" అన్నాడాయన. "దీనికి నా చేత్తో చేసింది నచ్చదు. కంపెనీ కంప్యూటర్ ఊఁ అంటేనే ఇది ఊఁ అంటాది."

డ్రోగో షెడ్డులో రేకు కొట్టినవాళ్ళకి ఆ ఫెరారీ అలా అని ఉంటే బ్రెడ్‌వ్యాన్ పుట్టేదే కాదు.

ఎదుటి వాదన కూడా విందాం

ఒకటి: "కోచ్‌బిల్ట్ కార్లు రాజులకి, కౌంట్‌లకి. పేదవాడికి పనికొచ్చింది మాస్ ప్రొడక్షనే కదా?" పూర్తిగా ఒప్పుకుంటాను. లండన్‌లో ఒక రాజు కోసం సింహాసనం బిగించిన కొన్నేళ్ళకి, బ్రిటిష్ పాలనలో ఉన్న మా మన్యంలో ఏం జరిగిందో మర్చిపోలేను. రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపింది మా కొయ్యూరులోనే. కాబట్టి పాత రోజులు బంగారం అని నేను అనను. ఈ రోజు నా చేతిలో పది, పన్నెండు వేల ఫోన్ ఉందంటే అది ఫ్యాక్టరీ పుణ్యమే. నేను అడిగేది కోచ్‌బిల్ట్ ఫోన్ కాదు. ఫ్యాక్టరీలో లక్షల్లో చేయండి. చేశాక తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోకండి. అంతే.

రెండు: "జిగురు లేకపోతే వాటర్‌ప్రూఫ్ ఎలా? పెయిరింగ్ లేకపోతే దొంగ ఫోన్ల పార్టులు అమ్ముకోరా?" రెండూ అసలైన ఇబ్బందులే. వానాకాలం ఎలా ఉంటుందో మాకు తెలుసు. కానీ నీరు చొరబడని రబ్బరు సీలు, స్క్రూలు కలిపి వాడొచ్చు. దొంగతనం అయిందని కంప్లయింట్ ఉన్న ఫోన్ పార్టులని ఆపండి, ఓనర్ ఎదురుగా నిలబడి వేయించుకుంటున్న పార్టుని ఎందుకు ఆపడం? అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం 2024లో పార్ట్స్ పెయిరింగ్‌తో రిపేర్‌ని అడ్డుకోకూడదని చట్టమే చేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూల్స్ వచ్చాయి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏళ్ళ తరబడి ముఖ్యమైన స్పేర్ పార్టులు దొరకాలి, కనీసం 5 ఏళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి. అంటే ఇది కుదరని పని కాదు. ఇవే కంపెనీలు అక్కడ చేస్తున్నాయి.

మన దగ్గర 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మంచి మొదలే. కానీ పోర్టల్‌లో సర్వీస్ సెంటర్ అడ్రస్ కనపడటం వేరు, మా షాపాయనకి పార్టు, బోర్డు డయాగ్రమ్ దొరకడం వేరు.

నా వెర్డిక్ట్

ఇకనుంచి నా రివ్యూల్లో కెమెరా, బ్యాటరీ, పర్ఫార్మెన్స్‌తో పాటు ఒక స్కోర్ కలుపుతున్నాను. పేరు "ఛాసిస్ స్కోర్". మూడే ప్రశ్నలు. బ్యాటరీ, డిస్‌ప్లే, చార్జింగ్ పోర్టు ఊరి షాపులో మార్చగలరా? పార్టు మార్చాక ఫోన్ పేచీ పెడుతుందా? అప్‌డేట్లు ఆగిపోయాక బూట్‌లోడర్ తెరిచి లీనేజ్ ఓఎస్ లాంటిది వేసుకోనిస్తారా? మూడిటికీ సున్నా వస్తే వెనక ఏ రంగు వేసినా, పెట్టె మీద ఏ నంబర్ కొట్టినా దాన్ని నేను స్పెషల్ అనను.

మీరూ కొనేముందు షాపులో ఈ మూడూ అడగండి. సేల్స్‌మ్యాన్‌కి తెలియకపోవచ్చు, పర్లేదు, అడగండి. పది మంది అడిగితే పదకొండోవాడికి జవాబు రెడీగా పెట్టుకుంటారు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు చౌమహల్లాలో ఆ పసుపు కారు చూడండి. సింహాసనం ఫొటో తీసుకోండి, తప్పకుండా. తీసుకున్నాక కిందికి కూడా ఒకసారి చూడండి. బాడీ ఎక్కడ అయిపోయి ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో వెతకండి. రోల్స్ రాయిస్ పని ఆగి, బార్కర్ పని మొదలైన చోటు అది.